మింగిన ఉంగరాలు

1983 జనవరి పన్నెండు, ఉదయం ఎనిమిదింబావు. కరీంనగర్ మీద కమ్మిన మంచు ఇంకా విడలేదు. ఆస్పత్రి వరండాలోని థర్మామీటరు పన్నెండు డిగ్రీలు చూపుతోంది. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద సరోజన, ఆమె అత్త లస్మవ్వ ఒకే గొంగడి కప్పుకుని కూర్చున్నారు.

సరోజన భర్త కొమురెల్లి బెల్లంపల్లి వైపు బొగ్గు గనిలో పనిచేస్తాడు. పెళ్లయిన కొన్నాళ్లకే ఆమెకు మలబద్ధకం మొదలై, ఏళ్ల తరబడి ముదిరింది. ఆముదానికీ, ఎనిమాకూ లొంగలేదు. పెద్ద పేగులో ఎక్కువ భాగం తీసేయాలని సర్జన్ జగపతిరావు నిర్ణయించి, శివరాత్రి వెళ్లగానే రమ్మన్నారు. పేగు కదలడం మానేసి ఉంటే ఆ నిర్ణయం సరైనదే. అడ్డు మరోచోట ఉంటే మాత్రం కోసినా బాధ తీరదు, కోసిన పేగు తిరిగి రాదు. ఈ రెండింటిలో ఏదో తేల్చే పని ఎక్స్‌రే విభాగం డాక్టరునైన నా మీద పడింది.

ఎక్స్‌రేలో కనబడే సన్నని గొట్టాన్ని ఉంగరాల్లా చిన్న ముక్కలు కోసి, క్యాప్సూళ్లలో నింపి ఆమె చేత మింగించాను. మింగి ఆ రోజుకు ఐదో రోజు. పేగు మందగిస్తే ఉంగరాలు దారి పొడవునా చెదిరి ఉండాలి.

"వేలికి పెట్టుకునేటోళ్లను చూసిన గని, ఉంగరాలు మింగెటోళ్లను గిప్పుడే చూస్తున్న," అంది లస్మవ్వ. "మా కోడలు ఏం జేసినా ఇచ్చంత్రమే."

"జర ఊకో అత్తా," అని సరోజన నావైపు తిరిగింది. "కోస్తే బతుకుతనా అమ్మా? పోరలు చిన్నగున్నరు."

"ముందు చూడనియ్యి," అన్నాను.

ఈలోగా జగపతిరావు వచ్చారు. "మేడం, లోపల ఇయ్యాల ఏమున్నదో మీ ఫిల్ము చెప్తది. రేపు ఏ వైద్యం పనిజేస్తదో గూడ చెప్తదంటరా?"

"చెప్తదనే అనుకుంటున్న."

ఎక్స్‌రే తీసి, తడి ఆరని ఫిల్మును దీపం ముందు పట్టాను. పెద్ద పేగు కుడివైపు ఒక్క ఉంగరం లేదు. అడ్డంగా సాగే భాగంలో లేదు, ఎడమవైపూ లేదు. అన్నీ కిందికి దిగి, గని గేటు ముందు షిఫ్టు కోసం గుమిగూడిన మనుషుల్లా, మలద్వారానికి పైన ఒకేచోట ఆగి ఉన్నాయి. ఆమె నోటితో చెప్పలేనిదాన్ని, ఇన్నేళ్లలో ఏ వైద్యుడూ అడగనిదాన్ని ఆ దేహం తెల్లటి చుక్కలతో చూపెట్టింది.

"పేగు నడుస్తనే ఉంది," అన్నారు జగపతిరావు మెల్లగా. "తలుపే తెరుచుకుంటలేదు."

లోపలి గదిలో సరోజనను పరీక్షిస్తూ ముక్కమన్నాను. ఆమె ముక్కింది, అదే క్షణంలో, వదలవలసిన కండరాన్ని గట్టిగా బిగబట్టింది. తాను బిగబడుతున్నట్టు ఆమెకు తెలియనే తెలియదు.

"బయటికి ఎప్పుడు పోతవు?" అని అడిగాను.

ఆమె తల దించుకుంది. "తొవ్వ ఎప్పుడు ఖాళీ ఉంటదమ్మా? పొద్దుగాల సైరన్ కొడితే మొదటి షిఫ్టోళ్లు పోతుంటరు, రాత్రోళ్లు వస్తుంటరు. చీకటైతే మళ్ల గదే. తుప్పల్ల కూసున్నంక ఎవలన్న వస్తే ఉగ్గబట్టుకొని లేస్త."

"మేం గూడ గట్లనే లేసినం," అంది వెంట వచ్చిన లస్మవ్వ, ఈసారి నవ్వకుండా.

అన్ని ఊళ్లలోనూ ఆడవాళ్లు చీకటి కోసం ఆగుతారు. మూడు షిఫ్టుల గని పక్కన మాత్రం చీకటికీ మనుషుల అలికిడి తప్పదు. సిగ్గు అలవాటైంది, అలవాటు కండరంలో చేరింది, కండరం ద్వారాన్ని మూసింది.

ఆపరేషన్ రద్దయింది. ఊపిరి వదులుతూ, కడుపుతో నెడుతూ, కింది కండరాన్ని సడలించడం ఆమెకు నేర్పాను. కొమురెల్లి ఇంటి వెనక రేకులతో మరుగుదొడ్డి కట్టి, లోపలి నుంచి గడియ పెట్టించాడు. ఎండలు ముదిరేనాటికి ఆమెకు సుఖంగా విరేచనం కాసాగింది. మళ్లీ ఉంగరాలు మింగించి ఐదో రోజున తీసిన ఫిల్ములో వెన్నెముక, కటి ఎముకలు తప్ప ఏమీ లేవు. ఫిల్ము ముందే సూచించిన దారిన ఒక మనిషి దేహం నడిచి వచ్చింది. ఖాళీగా ఉన్న ఆ నల్లదనాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

1994లో పిత్తాశయంలోని రాళ్ల కోసం సరోజన కడుపు తెరిచింది జగపతిరావుగారే. పెద్ద పేగు ఆరోగ్యంగా ఉందని చూసి, దాన్ని తాకకుండా కుట్లు వేశారు.