గువ్వ కడుపునొప్పి

ముగ్గురి అన్నం డబ్బాలూ సర్ది మూతలు బిగిస్తూ, గువ్వ ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే అడిగేదాన్ని, "కడుపెలా ఉంది తల్లీ?" అని. పళ్ళు తోముకున్నావా అనే ముందు, నిద్ర సరిగ్గా పట్టిందా అనే ముందు, అదే నా మొదటి మాట. అది తల ఒక పక్కకి వంచి, తన పొట్ట ఏమంటోందో వింటున్నట్టు కాసేపు నిలబడేది. అంతగా వెతికితే దొరక్కుండా ఉంటుందా? "కొంచెం నొప్పిగా ఉందమ్మా" అనేది. అప్పుడు నా మొహం ఎలా మారేదో నాకు తెలీదు. నా మొహాన్ని చూసేది అదే కదా.

తొమ్మిదేళ్ళ పిల్ల. ఏడాదిగా ఇదే వరస. రక్తం తీశారు, స్కానింగు తీశారు, గొట్టం వేసి లోపలికి చూశారు. ఎక్కడా ఏమీ లేదన్నారు. "ఏమీ లేదంటే నొప్పి లేదనే కదా? అది నాటకాలాడుతోంది, నువ్వు టికెట్టు కొనుక్కుని మరీ చూస్తున్నావు" అన్నాడు మా ఆయన. అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసింది. "ఆవు చేను మేస్తే దూడ గట్టున మేస్తుందా? తల్లికి తలనొప్పులు, కూతురికి కడుపునొప్పులు." నాకు ఒళ్ళు మండిపోయింది. నా తలనొప్పి సంగతి పక్కన పెట్టండి, పిల్ల మెలికలు తిరిగిపోతుంటే కళ్ళారా చూసేదాన్ని నేను. నాటకానికి చెమటలు పడతాయా?

నేను కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేస్తాను. ముక్కు మీద జారే ఫ్రేముల్ని వేడి చేసి వంచడం, చెవి వెనక గుచ్చుకునే చోట సరిచేయడం, "ఇందులో పెద్దదాన్లా కనిపిస్తున్నానా?" అని అడిగేవాళ్ళకి "అబ్బే, లేదండీ" అని చెప్పడం. పొద్దున్నుంచీ నిలబడే పని. కుర్చీలున్నాయి గానీ అవి కొనేవాళ్ళకి. పిల్లకి నొప్పొచ్చిందని బడి నుంచి ఫోను రాగానే బ్యాగు తగిలించుకునేదాన్ని. "మీ అమ్మాయి కడుపు మీద నా కొట్టు నడవదమ్మా" అని ఓనరు నలుగురిలోనూ అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, జీతం కోసం.

పిల్లని ఇంటికి తెచ్చి, చివరి గదిలో పరదా దించి, వేడినీళ్ళ సంచి పెట్టి, పక్కనే పడుకుని పొట్ట మీద చెయ్యి వేసేదాన్ని. ఆ గదిలోకి ఎవరూ వచ్చేవారు కారు. అత్తయ్య టీవీ గొంతు తగ్గించేది. మా ఆయన సాయంత్రం వచ్చి, తలుపు సందులోంచి తొంగి చూసి, తన టీ తనే పెట్టుకునేవాడు. చక్కెర డబ్బా ఎక్కడుందో ఆయనకి తెలుసన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. గువ్వ నిద్రపోయేది. దాంతోపాటు నేనూ నిద్రపోయేదాన్ని.

చివరికి ఒక పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వెళ్ళాం అంటే నేనూ, గువ్వా. మా ఆయనకి మీటింగు. ఆ డాక్టరమ్మ గువ్వతో చాలాసేపు కబుర్లాడి, దాన్ని బయట బొమ్మల దగ్గర కూర్చోబెట్టి నాతో మాట్లాడింది.

"నొప్పి నిజమేనమ్మా. ఎవరైనా నాటకమంటే నమ్మకండి. కానీ పొద్దున్న లేవగానే నొప్పి గురించి అడిగితే పిల్ల దానికోసమే వెతుక్కుంటుంది. మీరు భయపడితే ఇదేదో పెద్ద ప్రమాదమనుకుంటుంది. నొప్పొస్తే బడి మానేసి పడుకోవడం అలవాటైతే, నొప్పికీ అదే అలవాటవుతుంది."

"అంటే నా వల్లేనా?" అన్నాను.

"మీ వల్ల రాలేదు. తగ్గడం మాత్రం మీ చేతిలో ఉంది. అడగడం మానండి. కొంచెం నొప్పున్నా బడికి పంపండి. వెళ్ళొచ్చిన రోజు ముద్దు చేయండి. నొప్పిని పట్టించుకోవడం తగ్గించండి, పిల్లని కాదు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తొడ చరిచాడు. "నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నా! గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చావు." నువ్వు చెప్పింది అది కాదు, నువ్వు పిల్లని అబద్ధాలకోరు అన్నావు, పిల్ల నొప్పి నిజమేనని ఆవిడ అంది, అని అరిచాను. "రెండూ ఒకటేగా" అంటూ ఫోను చూసుకున్నాడు. మొగుళ్ళకి తాము గెలిచిన వాదన మాత్రమే బాగా గుర్తుంటుంది.

నోరు బిగబట్టుకుని అడగడం మానేశాను. పొద్దున్నే ఇంకేం మాట్లాడాలో తోచేది కాదు. మొదట్లో గువ్వ తనే వచ్చి చెప్పేది. "అవునా, కాసేపు మెల్లిగా ఊపిరి తీసుకో, తర్వాత జడ వేస్తా" అనేదాన్ని. మొహం మాత్రం మామూలుగా పెట్టేదాన్ని. అది కడుపు పట్టుకుని, నన్ను తిట్టుకుంటూ బడికి వెళ్ళేది. అలా అలా, నొప్పి మాట ఎత్తని రోజులు వచ్చాయి. ఓనరు కూడా "ఏంటమ్మా, ఈ మధ్య కొట్టుకి రోజూ వస్తున్నారు!" అని ఆశ్చర్యపోయాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం. ఇస్త్రీ చేస్తున్నాను. హాల్లోంచి అత్తయ్య మందులడిగింది, ఇచ్చాను. మా ఆయన ఛార్జరు అడిగాడు, ఆయన పక్కనే ఉంది, తీసి ఇచ్చాను. మళ్ళీ ఇస్త్రీ పెట్టె పట్టుకునేసరికి టీ అన్నాడు. గువ్వ వచ్చి నా చీర కొంగు పట్టుకుంది.

"అమ్మా, కడుపునొప్పి."

చూశాను. చెమట లేదు. పెదవి కొరుక్కోవడం లేదు. ఏం చెప్పాలో డాక్టరమ్మ నేర్పిందంతా నోటి దాకా వచ్చింది. ఈలోగా అదే మెల్లిగా అంది. "పడుకుందామా? నాకు నొప్పి వస్తే నిన్నెవరూ పిలవరు కదా."

నా చేతి కింద ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చాక తీశాను.

నొప్పి అని అది మొదటిసారి అన్నప్పుడు నేను భయపడ్డాను, అది నిజం. కానీ తర్వాత తర్వాత బడి నుంచి ఫోను వచ్చినప్పుడు భయం వెనకాలే ఇంకోటి కూడా వచ్చేది. హమ్మయ్య, ఇవాళ కాసేపు నడుం వాలుస్తాను అన్న చిన్న తృప్తి. దాన్ని నేను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నా పిల్లకి తెలిసిపోయింది. నా కాళ్ళ నొప్పి దాని కడుపుతో తీర్చుకున్నాను. ఏడాది పాటు! చుట్టాలొచ్చి వెళ్ళిన మర్నాడల్లా తలకి గుడ్డ కట్టుకుని పడుకునే మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి నిజంగా తల నొప్పేదో లేదో మేమెవరమూ అడగలేదు. ఊరికే పడుకుంటే ఎవరూరుకుంటారు? అత్తయ్య సామెత నా గురించే అనుకుని మండిపడ్డాను గానీ, మేమంతా ఆ చేను మేసినవాళ్ళమే. ఇక దూడని ఏమనాలి?

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేశాను. చివరి గదిలోకి కాదు, హాల్లోకే వెళ్ళి, అందరి మధ్యా ఉన్న దీవాను మీద పడుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన. "టీ అడిగాను కదా."

"చక్కెర ఎక్కడుందో నీకు తెలుసుగా."

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "తలనొప్పా?"

అవునత్తయ్యా అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎంత తేలికైన మాట! ఆ ఒక్క మాటంటే ఆవిడే దుప్పటి కప్పేది. గుమ్మంలో గువ్వ నిలబడి చూస్తోంది, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"లేదత్తయ్యా. నాకు ఏ నొప్పీ లేదు. అలిసిపోయాను, పడుకున్నాను."

మా ఆయన ఏదో అనబోయి, లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు కావాలనే గట్టిగా మోగించాడు. నాకు లేవాలనిపించింది, సిగ్గేసింది. అయినా లేవలేదు.

గువ్వ దగ్గరికొచ్చి నా మొహంలోకి వంగి చూసింది. "నిజంగానే ఏం నొప్పి లేదా?"

"లేదు."

"అయినా పడుకుంటావా?"

"పడుకుంటా."

అది పొట్ట మీంచి చెయ్యి తీసేసింది. నా పక్కన చోటు చేసి, వస్తుందని చెయ్యి చాపాను. రాలేదు. చెప్పులేసుకుని ఆడుకోవడానికి పరిగెత్తింది.