ప్లాస్టర్ మీద మూడు పేర్లు

గోదావరి డెబ్బై అడుగులు దాటిపోయిన మరుసటేడు, వానాకాలం. మార్కు పొద్దున్నే మిషన్ దవాఖానా చీటీల కిటికీ తెరిచాడు. కంప్యూటర్ మీది గుడ్డ తీసి, మడిచి, కుర్చీలో వేసుకుని దాని మీదే కూర్చున్నాడు. తెర వెలిగేలోపు కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. విరిగిన కాడకు దారం చుట్టి ఉంది. కుడిచేతి మధ్యవేలికి కాయ కాసింది. ఏళ్లతరబడి చేత్తో చీటీలు రాస్తే కాసిన కాయ. కంప్యూటర్ వచ్చి ఐదేళ్లయినా అది కరగలేదు.

కొలువులో ఆయనకు అదే ఆఖరి రోజు. ఆ మాట ఎవరైనా ఎత్తితే "అవ్" అని ఊరుకుంటున్నాడు.

వరసలో ముందున్నది బాలి. అడవి అంచు తండా నుంచి ఆటోలో వచ్చింది. మోచేతి దాకా తెల్లగాజులు. కొంగు ముడి విప్పి తడిసిన కాగితం ముద్ద కిటికీలో పెట్టింది.

"ఏందవ్వా ఇది?"

"మా ముసలోని చీటీ. వానల నానింది. మూర్ఛ గోలీలు అయిపోయినయ్. జల్దీ ఇప్పియ్యి. గోదారి రెండో హెచ్చరిక దాటింది. వాగు మీది చప్టా మునిగితే నేను ఇంటికెట్ల పోవాలె?"

బాలి భర్త గోప్యా తండాలో ఒక్కడే ఉన్నాడు. ఏ గోలీ, ఎంత మోతాదు అన్నది తెలియకుండా ఉజ్జాయింపుగా ఇవ్వనన్నాడు డాక్టరు. అది కంప్యూటర్‌లోనే ఉంది. మార్కు ఒంటివేలితో అక్షరం అక్షరం వెతుక్కుని గోప్యా పేరు కొట్టాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

దవాఖానా కంప్యూటర్లు చూసే శ్రీధర్‌ది మధిర. ఉండేది ఖమ్మంలో. రోడ్డు మీద నీళ్లుండి రాలేడు. మార్కు ఫోను చేశాడు.

"బాబాయ్, రౌటర్ లైటు ఏ రంగులో ఉంది?"

"అదేది?"

"నల్ల డబ్బా అండీ. ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి."

ఐదేళ్ల కింద శ్రీధర్ ఈ పేర్లన్నీ నేర్పబోతే, "బండి నడుస్తుంటే ఇంజను సంగతి నాకెందుకు" అన్నాడు మార్కు. ఇప్పుడు బల్ల కింద వంగి చూశాడు. అన్నీ నల్ల డబ్బాలే. వాటిలో పెద్దది చూసి నొక్కాడు.

పొద్దుట్నుంచీ కరెంటు లేదు. అయినా అప్పటిదాకా నడుస్తున్న ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. వరండా చీకటైంది. లోపల ఏదో పళ్లెం కింద పడింది. గోలీల గది నుంచి తబితా పరుగెత్తుకొచ్చింది. రేపట్నుంచి ఈ కుర్చీ ఆమెదే.

"అంకుల్! ఇన్వర్టర్ బంద్ చేసినవ్!" అంటూ కిందికి వంగి మళ్లీ వేసింది. నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

బాలికి నవ్వు రాలేదు. "ఐదేండ్ల సంది దాని ముంగట కూసున్నవ్. పేరు తెల్వదా? నా మేకలకన్నిటికీ పేర్లున్నయ్. పేరు పెట్టకుంటే పిలిస్తే ఏది వస్తది?"

"పిలిచే పని పడలే అవ్వా."

ఫోనులో శ్రీధర్ కంగారు పడుతున్నాడు. "ఏమైంది బాబాయ్? అక్కడ వరద ఎంతుంది?"

"పదకొండు లక్షల క్యూసెక్కులు పోతుంది."

"క్యూసెక్కంటే ఎంతండీ?"

మార్కు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దాని వంక చూశాడు. బాలి కిటికీలోకి మెడ చాపింది.

"క్యూసెక్కు తెల్వదా బిడ్డా! పన్నెండు లక్షలైతే మా చప్టా మునుగుతది. గంతే."

"మీకెవరు నేర్పారు మామ్మా?"

"నీళ్లే నేర్పినయ్. ఇంట్లకొస్తే నేర్వమా?"

వరసంతా గొల్లుమంది. మార్కు కూడా నవ్వాడు. ఆయన పళ్లు చూడడం తబితాకు అదే మొదలు. నవ్వాక కళ్లద్దాలు సర్దుకుని, కట్లు కట్టే ప్లాస్టర్ చుట్ట, పెన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పు నాయనా. ఇప్పుడు మా ఇంట్లకు కూడా నీళ్లొచ్చినట్టే. ఏ డబ్బా పేరేంది?"

"రెండు కొమ్ములున్నది రౌటర్."

అది గోడకున్న చెక్క మీద ఉంది. లైటు ఎర్రగా ఉంది.

"దాని వెనక నుంచి వచ్చే వైరును కేబుల్ అంటాం. అది ఊడిందేమో చూడండి."

సగం ఊడి ఉంది. పొద్దున బూజు దులిపిన చీపురు తగిలినట్టుంది. నొక్కాడు. టక్కుమంది. కాసేపటికి లైటు పచ్చబడింది.

"వచ్చింది!" అన్నాడు మార్కు, దారి తప్పిన మేక దొడ్లోకి వచ్చినట్టు.

తెర మీద గోప్యా పేరు, పక్కనే గోలీల పేరు, మోతాదు.

శ్రీధర్ హుషారెక్కాడు. "ఇంకా మోడెమ్ అని ఉంటది, సర్వర్ అని..."

"చాలు నాయనా. గుమ్మం తొక్కిన నీళ్లకే పేర్లు. మిగిలినయి నీ దగ్గరుంచు. వచ్చిననాడు అడుగుత."

తబితా గోలీలు రెండు కవర్లలో చుట్టి ఇచ్చింది. బాలి ఆటో ఎక్కి తల బయటపెట్టి అరిచింది. "రేపట్నుంచి ఖాళీయే గద మార్కూ! మేకలకాడికి రా. వాటి పేర్లు కూడా నేర్చుకుందువు!"

మధ్యాహ్నం ఆటో నడిపే బిచ్యా ఫోను చేశాడు. "చప్టా దాటినం. చక్రాలు సగం తడిసినయ్. ముసలాయన గోలీ ఏసుకున్నడు." మార్కు "అవ్" అన్నాడు. ఈసారి కొంచెం పెద్దగా.

సాయంత్రం అందరూ టీ తాగారు. ఏదైనా మాట్లాడమంటే మార్కు బిస్కెట్ తింటూ తల అడ్డంగా ఊపాడు. కుర్చీలో గుడ్డ తీసి, దులిపి, కంప్యూటర్ మీద కప్పాడు. తాళంచెవి తబితా చేతిలో పెట్టి గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అలవాటుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని దవాఖానా గేటు దాకా వచ్చాడు. అక్కడ గుర్తొచ్చి, ఆగకుండా కరకట్ట మీదికి నడిచాడు. గోదారి వరద తీస్తోంది. ఒడ్డున తడి గీత నీటికి జానెడు పైన కనబడుతోంది. చప్టా తేలగానే తండాకు పోవాలనుకున్నాడు. ఫోను తీసి చూశాడు. కిటికీ తెరిచే వేళ దాటింది. తబితా ఫోను చేయలేదు. అంటే పచ్చ లైటు వెలుగుతున్నట్టే. పోతున్న నీళ్లను చూస్తూ తనలో తను నవ్వుకున్నాడు.

దవాఖానాలో పెద్ద డబ్బా మీది ప్లాస్టర్ ముక్క 'ఇన్వర్టర్, ముట్టొద్దు' అంటోంది. గోడ మీద కొమ్ముల డబ్బాకు అంటించిన ముక్క ఒక అంచు లేచి ఫ్యాను గాలికి ఊగుతోంది. దాని మీద నీలి సిరాతో, చీటీ రాసినంత గుండ్రంగా: 'రౌటర్. ఎర్రగుంటే కేబుల్ నొక్కాలె.'