ఇక్తియోసార్ తోక ఎటు వంగుతుంది

"చేప తోక పట్టుకోని అట్లే నిలబడుకుంటే పులుసు ఎప్పుడు కావాలమ్మా?" అంది మా అత్త తులసమ్మ, వంటింటి గడప దగ్గర పీట వేసుకుని.

నిజమే. పొలుసు తీస్తే గానీ పులుసు కాదు. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో పొలుసూ నాదే, పులుసూ నాదే. తినేటప్పుడు మాత్రం "చేప బాగుండాది, యాడ తెచ్చినావప్పా?" అని పొగడ్త కొడుక్కి పోతుంది. ఆ ఆదివారం నేను బొచ్చెచేప తోకను వేళ్లతో నొక్కి చూస్తున్నాను. చేపకు వెన్నెముక తోక మొదట్లోనే ఆగిపోతుంది. ఇక్తియోసార్‌కు ఆగదు. తోక దగ్గరికొచ్చి కిందికి వంగి, కింది రెక్కలోకి దిగిపోతుంది. రాక్షసబల్లుల కాలంలో సముద్రంలో ఈదిన జంతువది. చూపుకు చేప, పుట్టుకకు సరీసృపం. దాని రాతి ఎముకలు మొదట్లో చూసినవాళ్లు, ఆ వంపు చచ్చాక విరిగినదేమో అనుకుని, బొమ్మల్లో తోకను తిన్నగా చేసేశారట. తర్వాత దొరికినవాటికీ అదే చోట అదే వంపు. అది విరగలేదు. దాని వాటమే అంత.

"ఆ బల్లి గుడ్లు పెడతాదా?" అని, నేను దాని బొమ్మ గీస్తుంటే చూసి అత్త ఒకసారి అడిగింది.

"లేదత్తా, నీళ్లలోనే పిల్లను కంటాది."

"అయ్యో, పథ్యం ఎవరు పెడతారు దానికి పాపం?" అంది. ఈ ఇంట్లో నా బొమ్మ గురించి ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

నా పేరు రేఖ. బతుకంతా గీతలు గీసేదాన్ని గనక గీత అని పెట్టాల్సింది, మా నాయన కాస్త సంస్కృతం కలిపాడు. మా ఆయన ధనుంజయ మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరర్. కప్ప గుండె, బొద్దింక నోరు, వానపాము పేగు ఆయన నోటితో చెబుతాడు, నేను చేత్తో గీస్తాను. పిల్లల రికార్డు పుస్తకాలు కూడా మూటలుగా ఇంటికొస్తాయి. "మా ఇంట్లో గీస్తార్లేప్పా" అంటాడు వాళ్ల నాయనలతో. ఇంట్లో అంటే ఇల్లు కాదు, నేను. గోడ గీయదు కదా. ఇన్ని రికార్డులు సృష్టించినా ఏ రికార్డులోనూ నేను లేను. ప్రతి చార్టు కింద ఎర్ర రంగుతో ఆయన పేరూ, పేరు వెనక డిగ్రీలూ ముత్యాల్లా దిద్దేది కూడా నేనే.

పగలు పుంగనూరులో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని. నా పీరియడ్‌ను లెక్కల సారు ఎప్పుడో 'డ్రా' చేసుకున్నాడు. నాకు మిగిలింది స్వాగతం బోర్డులు, వార్షికోత్సవానికి థర్మాకోల్ నెమళ్లు, పెద్దలెవరైనా వస్తే వాకిట్లో ముగ్గు. "డ్రాయింగ్ మేడమ్‌కు పనేముండాది, టీ పట్టుకొస్తాది" అంటాడు హెడ్మాస్టరు. నేను తెస్తాను, చక్కెర మీద ఒక జోకు కూడా వేస్తాను. స్టాఫ్‌రూమంతా నవ్వుతుంది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని, మాటకు మాట అతికించి నవ్వించే మనిషిని. నవ్వు ఆగాక లోపల తడిమి చూసుకుంటే ఏమీ ఉండదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తాడే, చెంప ఉంటుంది గానీ మనది కాదన్నట్టు ఉంటుంది, అలాగ. బాధ లేదు. కోపమూ లేదు. బస్సు దిగి, కూరగాయలు కొని, గ్యాస్ వెలిగిస్తాను.

రెండేళ్ల కింద ఒక రికార్డులో ఇక్తియోసార్ బొమ్మ కావాల్సి వచ్చింది. మా ఆయన పాత పుస్తకంలో ఉన్నదాన్ని చూసి గీశాను. నా సొంత ఫోన్లో మరో నాలుగు బొమ్మలు వెతుకుతుంటే, పురాతన సముద్ర జీవుల్ని ఉన్నదున్నట్టు గీయాలని పట్టుబట్టే వాళ్ల గుంపొకటి దొరికింది. ఎవరెవరో, ఏయే దేశాలో. ఒక్క ఎముక వంపు కోసం వారం రోజులు కొట్లాడుకుంటారు. భయపడుతూనే నా బొమ్మ పెట్టాను. గంటలో జవాబు: "కన్ను అద్భుతం. తోక తప్పు."

ఆ రోజు పప్పు మాడింది. ఇరవై రెండేళ్లలో నా తప్పులు ఉప్పు దగ్గరే ఆగిపోయాయి. ఉప్పెక్కువ, ఉప్పు తక్కువ. నా గీతలో తప్పుందని, దాన్ని సరిచేసుకోగల దాన్నని నాతో అన్నవాళ్లు వాళ్లే. తిట్టినట్టు లేదు, కుర్చీ వేసి కూర్చోమన్నట్టుంది. సంసారాన్ని సాగరం అనేవాళ్లు అందులో ఏ జంతువు ఎలా ఈదుతుందో ఎన్నడూ గీసి చూపలేదు. వీళ్లు చూపారు.

ఈ సంవత్సరం కుప్పంలో లెక్చరర్ల బోధనోపకరణాల పోటీ అన్నారు. మా ఆయన పెద్ద చార్టు కావాలన్నాడు. మూడు నెలలు గీశాను. ఒక్కొక్క వెన్నుపూస లెక్కపెట్టుకుంటూ, గుంపులో చూపించి దిద్దుకుంటూ, ఆరడుగుల ఇక్తియోసార్‌ను ఈదించాను. చివరికి వాళ్లు "ఇంకేం మార్చొద్దు" అన్నారు. కింద పేరు ఎప్పట్లా ఆయనదే దిద్దాను. నాకు ఒక్కటే ఆశ. పోటీకి శిలాజాల మీద పనిచేసిన ప్రొఫెసర్ వస్తున్నారట. తెలిసిన కళ్లు ఒక్కసారి ఆ తోక చూడాలి. అంతే.

శనివారం పొద్దున బస్సు. రెండు రోజుల ముందే చుట్టి పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టిన చార్టు నా ఒళ్లో. దారిలో నలిగితే సర్దడానికి సంచిలో రంగులు, బ్రష్షు. బైరెడ్డిపల్లె దాటాక మా ఆయన నిద్రపోయాడు. నేను గొట్టం పట్టుకుని మేలుకున్నాను.

హాల్లో చార్టు విప్పి గోడకు పెట్టాను. తోక తిన్నగా ఉంది.

స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. నా వంపు మీద నీలం రంగు పూసి, ఎముకల్ని వరసగా, చీపురు పుల్లలా, చివరిదాకా లాగి ఉంది.

"మీరేనా మార్చిండేది?" అన్నాను.

"అవును. నిన్న నువ్వు బడికి పోయినప్పుడు గొట్టంలోంచి తీసి సూసినా. వంకరగా ఉండాది, ఎముక ఇరిగినట్టు. జనం నవ్వరా? పుస్తకంలో సూసి సరిజేసినా."

ఏదో ఒకటి అనిపించాలి కదా. అనిపించలేదు. చార్టు కింది మూల లేచి ఉంటే పిన్ను గుచ్చాను.

ప్రొఫెసర్ రామలక్ష్మమ్మ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు పైకి తోసి చార్టు దగ్గరగా వంగారు. కన్ను చూసి ఆగారు. తెడ్డులాంటి ముందుకాలి వేళ్లు లెక్కపెట్టారు. తర్వాత తోక దగ్గరికొచ్చి మా ఆయన వైపు తిరిగారు.

"ఇంత జాగ్రత్తగా గీసినారే, తోకలో వెన్నెముక తిన్నగా పెట్టినారేమప్పా? అది కిందికి వంగాల కదా. ఈ సంగతి తెలిసి నూరేండ్ల పైనే అయింది."

మా ఆయన చార్టు చూశాడు. నన్ను చూశాడు. నవ్వాడు.

"మా ఇంట్లోది గీసింది మేడమ్. ఆమెకేం తెలుసు, ఏదో సూసి గీసుంటాది."

ఇరవై రెండేళ్లలో, నలుగురి ముందర, చార్టు గీసింది నేనని ఆయన చెప్పడం అదే మొదటిసారి. ఆ ఒక్క తోక నేను గీయలేదు.

"నువ్వేనామ్మా?" అన్నారు ఆమె.

"చార్టు నేనే గీసినా మేడమ్. ఆ తోక నాది కాదు. ఆ రంగు కింద నాది ఉండాది. చూపిస్తా, పది నిమిషాలు ఇయ్యండి."

"ఏయ్, ఊరుకో," అన్నాడు మా ఆయన పళ్ల మధ్య నుంచి.

సంచిలోంచి రంగులు తీశాను. తడి గుడ్డతో నీలం తుడిచాను. పైపైన పూసింది కావడంతో లేచొచ్చింది. నా ఎముకలు మసగ్గా కనబడ్డాయి. సన్నటి బ్రష్షుతో ఒక్కొక్కటే మళ్లీ దిద్దాను. తిన్నగా, తిన్నగా, ఇదిగో ఇక్కడ కిందికి. వెనకాల ఎవరెవరో గుమిగూడారు.

"ఆ, ఇది," అన్నారు రామలక్ష్మమ్మ గారు మెల్లగా. "ఇంకేమైనా దిద్దాల్నా?"

"ఇంకొకటుండాది మేడమ్."

చార్టు కిందికి వంగి, ఎర్ర అక్షరాల మీద తెల్లరంగు పూశాను. ముందు డిగ్రీలు పోయాయి. తర్వాత పేరు.

"ఏం చేస్తాండావే? జనం సూస్తాండారు!"

"సూడనీండి," అన్నాను.

తెల్లరంగు ఆరడానికి పది నిమిషాలు పడుతుంది. తడి మీద రాస్తే అక్షరాలు పాకిపోతాయి. పక్కనున్న కుర్చీ లాక్కుని, ఎర్రరంగు సీసా మూత తీసి ఒళ్లో పెట్టుకుని, ఆరేదాకా కూర్చున్నాను.