పటంలో పన్నెండోవాడు

మా నాన్న పటాలు కట్టే కొట్టులో రూలు ఒక్కటే. చెక్క కొయ్యి, అద్దం కొయ్యి, అట్ట కొయ్యి, బొమ్మకి మాత్రం కత్తెర పెట్టకు. ఈ మాట వింటూ నేను పెరిగాను, నాకంటే ముందు మా మేనత్త పెరిగింది. పెళ్లి కాకముందు ఆవిడ ఈ కొట్టులోనే, నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని పటాల వెనక గోధుమరంగు కాగితం అంటించేది. మూలల్లో ఒక్క ముడత రానిచ్చేది కాదు. ప్రభువు తిరుహృదయం, మంచి కాపరి, బిడ్డనెత్తుకున్న మరియమ్మ, ఎవరింటి గోడ మీది పటం తిప్పి చూసినా వెనక మా అత్త చేతి పనే ఉండేది. ఆ ఉడికించిన జిగురు వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. మళ్లీ ఆ రోజులు రమ్మంటే వస్తాయా!

అలాంటి అన్నాచెల్లెళ్లు ముప్పై ఒక్క ఏళ్లుగా మాట్లాడుకోవడం లేదు. కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, మాకు తప్ప.

అత్త పెళ్లికి నాన్న కడరా భోజనం, అంటే ప్రభువు ఆఖరి విందు పటం కానుకగా ఇస్తానన్నాడు. పొడుగాటి బల్ల, మధ్యలో ప్రభువు, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు శిష్యులు. కొత్త కాపురంలో అన్నం తినే బల్లకి ఎదురుగా, కిటికీకీ బీరువాకీ మధ్య దాన్ని పెట్టుకోవాలని అత్త కోరిక. గోడ కొలిచి "ఐదు జానలు" అని కబురు పెట్టింది. మా ఇంట్లో టేపు కొట్టు గడప దాటకూడదు, బయట కొలతలన్నీ జానల్లోనే. నాన్న తన జానతో ఐదు కొలిచి పటం కట్టాడు. ఆయన చెయ్యి చేటంత, ఆవిడ చెయ్యి చిన్నపిల్ల చెయ్యంత. ఐదు జానలకి ఒక శిష్యుడు తేడా వచ్చాడు.

పెళ్లి విందు రోజు పొద్దున అత్త కొత్తింట్లో మేకుకి తగిలిస్తే పటం కిటికీ మీదికి పాకింది. నాన్న దాన్ని భుజానికెత్తుకుని కొట్టుకి వచ్చి, చెక్కా అద్దమూ పొట్టి చేసి, భోజనాల వేళకి తెచ్చి తగిలించాడు. అచ్చంగా సరిపోయింది.

అందరం తింటున్నాం. అత్త వాళ్ల మామగారు తలెత్తి పటం చూసి వేళ్లు మడవడం మొదలుపెట్టారు.

"పదకొండుమందే ఉన్నారేంటమ్మా? బర్తొలొమయిని పెళ్లికి పిలవలేదా?"

అందరూ పగలబడి నవ్వారు. ఎడమ చివర, బల్ల మీద చేతులాన్చి నిలబడాల్సిన శిష్యుడు లేడు. కొత్త కోడలు కదా, అత్త ముఖం కందగడ్డ అయిపోయింది.

"కోసేశావా అన్నయ్యా? నా బొమ్మని కోసేశావా?" అంది, అందరి ముందూ.

నాన్న సగం తిన్న పళ్లెం ముందు నుంచి లేచాడు. "కోశాననుకుంటే కోసినట్టే," అని చెయ్యి కడుక్కుని వచ్చేశాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఎంగిలి చేత్తోనే ఆయన వెనక పరిగెత్తాను.

అప్పట్నుంచి పెళ్లిళ్లకీ చావులకీ ఎదురుపడితే నేనే మధ్యలో పోస్ట్‌మేన్‌ని. "మీ నాన్నని మందులు వేసుకోమను" అని ఆవిడ. "వేసుకున్నానని చెప్పు" అని ఈయన. మధ్యన ఉన్నది రెండు కుర్చీల దూరం, ఇద్దరికీ చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. నాకు ఒళ్లు మండేది.

పోయిన సోమవారం అత్త ఆ పటాన్ని ఆటోలో పంపించి ఫోన్ చేసింది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నానే. శనివారం అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నా. సర్దుతుంటే అద్దం పగిలింది, మార్చి పెట్టు. శుక్రవారం వస్తా. మీ నాన్న ఉండని టైము చెప్పు."

కూతురుండే ఊరు రైల్లో ఒకటిన్నర రోజు. ఇద్దరి వయసులూ నాకు తెలుసు. ఈ శుక్రవారం దాటిందా, వీళ్లు మాట్లాడుకునేది ఇక ఏ సమాధి దగ్గరో. అక్కడ కూడా ఒక్కళ్లే మాట్లాడాలి. అది తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

"నాలుగింటికి రా, నాన్న పడుకుంటాడు," అన్నాను. నాలుగింటికి నాన్న కొట్టులో లేని రోజు లేదు.

పటం చూడగానే నాన్న "అద్దం నేనే మారుస్తా" అన్నాడు. చేతులు వణుకుతాయని మూడేళ్లుగా పట్టకారు ముట్టనివాడు! వెనక కాగితం చింపి మొదటి మేకు పట్టుకున్నాడు. మూడుసార్లు జారింది. పట్టకారు నా ముందు పెట్టేశాడు.

"వెనక ఏముందో చూడకు," అన్నాడు.

వెనక చెక్క తియ్యకుండా అద్దం ఎలా మారుస్తారో, నాకీ పని నేర్పినాయనే చెప్పాలి.

చెక్క తీశాను. బొమ్మ ఎడమ అంచు వెనక్కి మడిచి ఉంది, కొత్త బట్ట మడిచినంత శ్రద్ధగా. విప్పితే బర్తొలొమయి. మిగతావాళ్లంతా కిటికీ ఎండకి వెలిసిపోయి నీలంగా మిగిలారు. ఈయన ఒంటి మీద ఆకుపచ్చ, ఎరుపు మాత్రం నిన్న అద్దినట్టున్నాయి.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"బయటివాళ్లు అనుంటే చెప్పేవాణ్ణి. అది నా పక్కన కూర్చుని పెరిగింది. నేను బొమ్మకి కత్తెర పెడతానని దానికి ఎలా అనిపించిందే? రోజూ ఎదురుగా పెట్టుకుంది, ఒక్కసారి వెనక విప్పి చూడలేదు. దానికి చెప్పకు."

"చెప్పను," అన్నాను. చెప్పలేదు కూడా. పూర్తి పొడవుకి కొత్త చెక్కా అద్దమూ కోసి పటం కట్టాను.

శుక్రవారం అత్త గడపలోనే ఆగి, కుర్చీలో ఉన్న నాన్నని చూసి, నన్ను నమిలేసేలా చూసింది.

"తర్వాత తిడుదువుగాని, ముందు పటం చూడత్తా."

చూసింది. అలవాటుగా వేలు లేచింది. ముప్పై ఒక్క ఏళ్లు పూటపూటా అన్నం ముందు లెక్కపెట్టిన వేలు, పదకొండు దగ్గర ఆగడం దానికి అలవాటు. ఈసారి ఆగలేదు. అద్దం మీద నుంచే మడత గీతని తడిమింది.

"అందరూ ముసలాళ్లైపోయారు. ఈయనొక్కడే నా పెళ్లిరోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు," అంటూ ఏడ్చేసింది. తర్వాత తిరిగింది, నా వైపు కాదు.

"కొయ్యలేదా అన్నయ్యా?"

"నేనెప్పుడైనా కోశానా?"

"మరి చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగొచ్చుగా!"

"అడిగాను, అందరి ముందూ."

"అది అడగడమా? తీర్పు చెప్పడం."

అత్త పైటతో ముఖం తుడుచుకుని స్టూలు లాక్కుని నాన్న పక్కన కూర్చుంది. అదే పాత స్టూలు.

"ఇంత పటం అమ్మాయి ఇంట్లో ఏ గోడకి పడుతుందో," అంది.

"గోడ ఎంతుంటుంది?"

అత్త బల్ల మీద అరచెయ్యి చాపి జాన పెట్టబోయింది. నాన్న వణికే చెయ్యి ఆ చేతి మీద వేసి ఆపాడు.

"నీ జానలు నాకొద్దు తల్లీ. నేనే వచ్చి కొలుస్తా."

ఆయన లేచి, గోడ మేకుకి వేలాడే టేపు తీసి జేబులో వేసుకున్నాడు. రేపటి రైలుకి ఇంకో టికెట్టు దొరుకుతుందేమో చూడమన్నాడు. ఆ టేపు కొట్టు గడప దాటడం, నాకు తెలిసి, అదే మొదటిసారి.