అడవి కంది

రాజవ్వ చేతికి చిక్కిన కలుపు బతికి బట్టకట్టిన దాఖలా లేదు. పటాన్‌చెరు దగ్గరి పంటల పరిశోధన క్షేత్రంలో పదేళ్లుగా ఆమెకు ఆ పేరే ఉంది. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా. ఆ గర్వమే కొంప ముంచింది.

1989, కార్తీకం. చివరి మడిలో గడ్డి మధ్య నాలుగు అడవి కంది తీగలు. నూగు ఆకులు, చిన్న పసుపు పూలు. రాళ్లగుట్టల మీద ఎవరూ విత్తకుండానే ఏటేటా పాత వేరు నుంచి చిగురించే మొక్క. ఊళ్లో ఎవరి చేనులో కనబడినా పీకి గట్టు మీద పారేస్తారు. రాజవ్వ ఇక్కడా అదే చేసింది. మధ్యాహ్నానికి నాలుగూ వేళ్లతో సహా ఎండిపోయాయి.

మడులు చూసుకునే జ్ఞానప్రకాశం వచ్చి తల పట్టుకున్నాడు.

"పచ్చపురుగు మన కందిని తింటది గానీ దీన్ని ముట్టదు. గా గుణం మన కందికి ఎక్కియ్యాలనే తెచ్చి పెట్టినం. దీన్ని తెచ్చిన గుట్టను మొన్ననే ఫ్యాక్టరీ కోసం పేల్చేసిండ్రు. ఇగ ఇత్తనం యాడ తేవాలె? ఎవలు పీకిండ్రు?"

కూలీలంతా నేల చూపులు చూశారు. తెలియదని ఒక్క మాటంటే సరిపోయేది.

"నేనే పీకిన సారూ," అంది రాజవ్వ.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆ మొక్క ఇంకొకచోట ఉందని ఆమెకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. సుల్తాన్‌పూర్ వైపు రాళ్ల వాలులో తన రెండేళ్ల బిడ్డను పాతిపెట్టిన రోజు, నక్కలు తవ్వకుండా మొగుడు పైన రాళ్లు పేరుస్తుంటే, అటు చూడలేక పక్కనున్న ఆ పసుపు పూలనే చూస్తూ కూర్చుంది. పన్నెండేళ్లయింది. మళ్లీ ఆ దిక్కు పోలేదు. కట్టెలకు కూడా చుట్టుదారినే పోయేది.

ఆదివారం నాడు అక్కడికి పోయింది. చోటు గుర్తుపట్టలేనేమోనని దారి పొడుగునా అనుకుంటూనే నడిచింది. తీరా చూస్తే రాళ్ల కుప్ప నిండా అడవి కందే అల్లుకుని ఉంది. తల్లి రాని ఇన్నేళ్లూ బిడ్డ దగ్గర అదొక్కటే ఉంది. రాజవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చాక పనిలో పడింది. బాగా ఎండితే కాయ పగిలి గింజలు చెదిరిపోతాయి, అందుకని సగం నల్లబడ్డ కాయలే ఏరి కొంగున కట్టుకుంది. మధ్యలో గడ్డి కనబడినా ఒక్క పోచ పీకలేదు.

మర్నాడు ఆ కొంగుముడి విప్పితే జ్ఞానప్రకాశం ఒక్కో కాయనూ తిప్పి చూశాడు. తర్వాత చీటీ తీశాడు. ఎక్కడ దొరికిందో రాసి కట్టనిదే అక్కడ ఏ విత్తనాన్నీ దాచరు.

"సుల్తాన్‌పూర్. గుట్ట పేరేంది రాజవ్వా?"

"పేరు లేదు సారూ."

"జెర గుర్తన్న చెప్పు. రేపు ఎవలన్న మళ్ల పోవాలంటే ఎట్ల?"

పన్నెండేళ్లుగా రాజవ్వ ఇంట్లో ఎవరూ పలకని పేరు ఒకటుంది.

"మా సత్తెమ్మ కాడ అని రాయి. నా బిడ్డ. ఆడ్నే ఉన్నది."

ఆయన ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు. రాజవ్వకు చదువు రాదు. ఏ అక్షరం దగ్గర బిడ్డ పేరు మొదలవుతుందో వేలు పెట్టి చూపించమని అడిగింది.