ఎదురుషాపు మీద సర్వే

మా మామయ్య సెలూన్‌లో మూడు కుర్చీలున్నాయి. కిటికీ పక్కది ఆయనది, మధ్యది నాది, గోడవైపుది మా పనివాడిది. నిద్రలో తప్ప నోరు మూయడు కాబట్టి వాడికి రేడియో అని పేరు పెట్టాం. ఈమధ్య మామయ్య చెయ్యి వణుకుతోంది. ఆయన గడ్డం గీస్తుంటే కస్టమర్లు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటున్నారు. ఇక షాపు ఎవరో ఒకరికి అప్పగించి ఇంట్లో కూర్చుంటానని ఆయనే అన్నాడు. ఆ ఎవరో ఒకరు నేనేనని నా నమ్మకం. నేను చిన్నల్లుణ్ణి, పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఇది తప్ప నాకు ఇంకో పని చేతకాదు. పెద్దల్లుడికి కత్తెర ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలీదు.

పెద్దల్లుడంటే నా తోడల్లుడు. మేనేజ్‌మెంట్ చదివాడు. ఏదో కంపెనీలో వ్యూహాల విభాగంలో పనిచేసేవాడు. ఆ విభాగాన్ని ఎత్తేయడమే మంచి వ్యూహమని కంపెనీకి తట్టడంతో ఈయన ఖాళీ అయ్యాడు. ఖాళీగా ఉన్న మనిషికి మామగారి షాపుని మించిన కాలక్షేపం ఏముంటుంది? ఓ సోమవారం పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు. మామయ్య లేచి నిలబడి మరీ “రండి పెద్దల్లుడుగారూ” అన్నాడు. నావైపు తిరిగి, “ఆ తువ్వాళ్ళు ఉతికావా?” అన్నాడు.

ఈయన రావడానికి కారణం ఎదురుషాపు. రోడ్డుకి అవతల ఒంటి కుర్చీతో ఒకడు కొత్తగా సెలూన్ తెరిచాడు. వాడు ఏమడిగినా ‘ఊఁ’ తప్ప ఇంకో మాట అనడు. అందుకని వాడికి మూగనోము అని పేరు పెట్టాం. పేర్లు పెట్టడంలో మమ్మల్ని కొట్టినవాడు లేడు.

“ముందు మన పరిశ్రమని అర్థం చేసుకోవాలి మామయ్యగారూ,” అన్నాడు తోడల్లుడు. “మనమీద ఐదు వైపుల నుంచి ఒత్తిడి ఉంటుంది.”

“ఒత్తిడి ఏం లేదండీ. మోకాళ్ళ నొప్పులే.”

“అది కాదు. కస్టమర్‌కి మన సేవ అక్కర్లేకుండా చేసే ప్రత్యామ్నాయం ఏంటి?”

మామయ్య చాలాసేపు ఆలోచించాడు. “బట్టతల,” అన్నాడు.

తోడల్లుడు దాన్ని శ్రద్ధగా టైపు చేసుకున్నాడు. నేను కిసుక్కున నవ్వితే గుడ్లురిమాడు. తర్వాత అసలు బాంబు పేల్చాడు. పోటీదారు బలమేమిటో తెలియాలంటే బయటి నుంచి చూస్తే లాభం లేదట. మేమందరం కస్టమర్లలా వెళ్ళి మూగనోము దగ్గర కటింగ్ చేయించుకుని రావాలట.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవడి జుట్టు వాడు కత్తిరించుకోలేడు కాబట్టి ఒక షాపువాళ్ళం ఒకరికొకరం చేసుకుంటాం. మామయ్యకి నేను, నాకు రేడియో, రేడియోకి మామయ్య. ఇంకో షాపు కుర్చీలో కూర్చోవడమంటే సొంత షాపు పరువు నడిరోడ్డు మీద పెట్టినట్టే.

“అయినా మేమెవరమో వాడికి తెలుసన్నయ్యా,” అన్నాను. “రోజంతా గుమ్మంలో నిలబడి వాడివైపే గుర్రుగా చూస్తుంటాం.”

“టోపీ పెట్టుకుని వెళ్ళు.”

“కటింగ్‌కి టోపీ పెట్టుకుని కూర్చోమంటారా?”

ఇంత తెలివితేటలున్న మనిషిని ఏ కంపెనీ వదులుకుందో గాని, దానికి దండం పెట్టాలి. మామయ్య మాత్రం “పెద్దల్లుడుగారు చెప్పారు కదా, వెళ్ళండి” అన్నాడు. వెళ్ళాం.

ముందు తోడల్లుడే వెళ్ళాడు. కుర్చీ వెనక్కి వాల్చి తల రుద్దుతుంటే ఎంతటివాడికైనా నోరు ఊరుకోదు. ఈయన మా వ్యూహమంతా మూగనోముకి పూసగుచ్చినట్టు చెప్పొచ్చాడు. వాడు ‘ఊఁ’ అన్నాడట. పోటీదారుకి వ్యూహమంటూ ఏదీ లేదని ఈయన తేల్చేశాడు.

తర్వాత రేడియో, ఆ తర్వాత నేను వెళ్ళాం. వాడు నన్ను గుర్తుపట్టాడు. అయినా పల్లెత్తు మాట అనలేదు. నా తల చుట్టూ ఒకసారి తిరిగి చూసి పని మొదలుపెట్టాడు. అయ్యాక అద్దంలో చూసుకున్నాను. నా చెవులు అంత చిన్నవని అప్పటిదాకా నాకు తెలీదు. ఇంటికెళ్ళగానే మా ఆవిడ ఎగాదిగా చూసి, “ఇన్నాళ్ళకి మనిషిలా ఉన్నారు,” అంది. ఒళ్ళు మండింది. సంతోషం కూడా వేసింది.

అసలు తంటా మర్నాడు మొదలైంది. పాత కస్టమర్ ఒకాయన లోపలికి వస్తూనే మా తలలు చూసి ఆగిపోయాడు.

“ఎవరు చేశారయ్యా ఇవి? భలే ఉన్నాయే!”

“ఇంకెవరు సార్, మేమే!” అని రేడియో తగుదునమ్మా అని నోరు జారాడు.

“అయితే నాకూ అలాగే చెయ్యి.”

రేడియో చేశాడు. ఆయన అద్దంలో తన తల చూసుకున్నాడు, రేడియో తల చూశాడు, మళ్ళీ తన తల చూసుకున్నాడు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. మాకు కనబడేటట్టుగా ఎదురు గుమ్మం తొక్కాడు. ఒక్కొక్కరుగా మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. వాడి పనికి మేం పొద్దస్తమానం మా తలలతోనే ప్రచారం చేసిపెడుతున్నామని అర్థమయ్యేసరికి సగం షాపు ఖాళీ.

తోడల్లుడు బెదరలేదు. “అతను మాట్లాడడు, మనం మాట్లాడతాం. మన కాంపిటీటివ్ అడ్వాంటేజ్ అదే. దాన్ని పెంచాలి,” అన్నాడు. పెంచాం. మూతినిండా నురగ ఉన్నవాణ్ణి పిల్లల చదువుల గురించి అడిగాం. కునుకు తీస్తున్న పెద్దాయన్ని తట్టి లేపి వాతావరణం గురించి చర్చించాం. ఆ పెద్దాయన సగం గడ్డంతోనే లేచి రోడ్డు దాటాడు.

అలా సర్వే ముగిసింది. నెల తిరిగాక ఓ ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, మామయ్య మమ్మల్ని కూర్చోబెట్టాడు. చేతిలో తాళాలున్నాయి. ఎంత దెబ్బతిన్నా షాపు షాపే, నేను నిలబెట్టుకుంటాను అనుకున్నాను.

“ఎదురుషాపతనికి ఇచ్చేస్తున్నాను,” అన్నాడు మామయ్య. “నిన్న మాట్లాడాను. ఊఁ అన్నాడు.”

“అదేంటి మామయ్యగారూ! అతను మన పోటీదారు!” తోడల్లుడు ఎగిరిపడ్డాడు.

“మీ చలవేనండీ. ఒకరి తర్వాత ఒకరిని పంపి, ఈ వీధిలో పని తెలిసినవాడు ఎవడో మీరే తేల్చారు. నా అంతట నాకైతే ఈ ఆలోచన వచ్చేది కాదు.”

తోడల్లుడు వెంటనే, “నిజమే, దీన్ని విలీనం అంటారు,” అని లాప్‌టాప్ తెరిచాడు.

నేను ఉండబట్టలేక అడిగేశాను. “మరి నా సంగతేంటి మామయ్యా? ఇన్నేళ్ళు మీ పక్కనే నిలబడ్డాను. తువ్వాళ్ళు ఉతకడానికి పనికొచ్చినవాణ్ణి షాపుకి పనికిరానా?”

మామయ్య నా ముఖంలోకి చూడలేదు. నా తలవైపు చూశాడు.

“నీకే ఇద్దామనుకున్నాను అల్లుడూ. సర్వే ఎప్పుడో అయిపోయింది. రేడియో మళ్ళీ నా దగ్గరే కూర్చున్నాడు, నా చెయ్యి వణుకుతున్నా సరే. నువ్వు మొన్న శుక్రవారం కూడా అక్కడే చేయించుకున్నావు. నీ తల వాడికిచ్చి, నా షాపు నీకిమ్మంటావా?”

తల దించుకున్నాను. దించుకునేసరికి మెడ వెనక పని ఇంకా చక్కగా కనబడిందని తోడల్లుడు తర్వాత చెప్పాడు.