వరహాలు కొండని నమ్మడు

బర్మా వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ వరహాలు కొండని నమ్మడం మానేశాడు.

వెళ్ళడమంటే టికెట్టు కొనుక్కుని వెళ్ళలేదు. తొంభై ఆరులో ఇంజను చెడిపోయి, అతను నడిపే బోటు పంతొమ్మిది రోజులు గాలి ఎటు తోస్తే అటు పోయింది. ఇరవయ్యో రోజు పొద్దున్న, సముద్రంలోకి ముక్కు చాపుకుని ఒక కొండ కనిపించింది. అచ్చం తమ రేవు పక్కనుండే యారాడ కొండ. వరహాలు ఈదుకుంటూ ఒడ్డెక్కి, వల బాగుచేసుకుంటున్న ముసలమ్మతో, “మామ్మా, కూసింత టీ నీళ్ళెట్టు” అన్నాడు.

ఆవిడ చెయ్యి తిప్పుతూ తిట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. పాపం, పళ్ళు లేవు కాబోలు అనుకున్నాడు.

“నాను వరహాల్ని! ఊరోడిని గుర్తట్టవేటి?” అని ఎదురు కసిరాడు.

ఆవిడ తిడుతూనే అన్నం పెట్టింది. తింటూ ఉండగా పోలీసులొచ్చారు. వాళ్ళకి పళ్ళన్నీ ఉన్నాయి. మాట మాత్రం అర్థం కాలేదు. అప్పుడు తెలిసింది.

ఏడు నెలల తర్వాత ఇంటికి చేరాడు. పుట్టినప్పట్నుంచీ అమ్మ ముఖంలా చూసిన కొండ, ఇప్పుడు ఎక్కడో చూసిన మనిషిలా అనిపించేది. ఒక కొండ ఇంకో కొండలా ఉండగలిగితే, తనలాంటి వరహాలు ఇంకోడు ఇంకెక్కడో లేడని ఏమిటి నమ్మకం? ఆ మాటే భార్య జోగమ్మతో అన్నాడు.

“ఆ వరహాలైనా తిన్న కంచం కడుగుతాడేమో, కనుక్కుని రాపోయావా?” అందామె.

బోటు యజమాని అర్జునరావుకి ఈ తత్వం నచ్చలేదు. డ్రైవరన్నవాడు కొండని చూసి బోటు నడపాలి గాని, కొండని అనుమానించకూడదు. “ఒక్క వేట సూత్తాను. తిన్నగా రేవుకి తెచ్చావా, డ్రైవరువి. లేదంటే ఐసు బుట్టలు మోసుకో” అన్నాడు.

నాలుగో రోజు పొద్దున్న వేట ముగించుకుని తిరిగొస్తున్నారు. స్టీలు ప్లాంటు చిమ్నీలు కూడా కనిపించనంత మంచు. ఆ మంచు సందులోంచి ఒక కొండ ముక్కు బయటపడింది.

“అదిగో మన కొండ! తిప్పు బావా” అన్నాడు జోగమ్మ తమ్ముడు నూకాలు.

వరహాలు ఇంజను ఆపేశాడు.

“ఏటయింది?”

“మనదేనా అని.”

“కొండ మీద పేరు రాయించాలేటి నీకు? మళ్ళీ బర్మాలో దిగుదావంటే ముందే సెప్పాల, పాస్‌పోర్టులు తెచ్చుకుందుం!”

బోటంతా ఘొల్లుమంది. ఐసు బుట్ట చల్లదనం అప్పుడే వరహాలు నడినెత్తికి తగిలింది. అయినా పక్కనుంచి పోతున్న తెప్పని కేకేశాడు.

“అన్నా, ఇది ఏ ఊరు?”

“తాగొచ్చావేటి? అప్పికొండ! ఎదర రాళ్ళున్నాయి, కళ్ళు కనపడవా?”

నవ్వు టక్కున ఆగింది. నీటివాలు రాత్రంతా వాళ్ళని దక్షిణానికి ఈడ్చుకొచ్చిందన్నమాట.

మధ్యాహ్నానికి హార్బరు చేరాక అర్జునరావు సంగతంతా విన్నాడు. “అది మన కొండ కాదని నీకెలా తెలిసిందిరా?”

“తెల్లేదు బాబూ. అందుకే అడిగినాను.”

అర్జునరావు మీసం నిమురుకున్నాడు. “సర్లే, డ్రైవరువి నువ్వే. కానీ దారడిగి వచ్చినట్టు ఎక్కడా అనకు. నా పరువు పోద్ది.”

తర్వాతి వేటకి మంచు లేదు. యారాడ కొండ తన లైట్‌హౌసుతో సహా ఎండలో నిలబడి ఉంది. వరహాలు దాన్ని ఓరగా చూశాడు గాని, ఏమీ అడగలేదు. వెనకనుంచి నూకాలే ఉండబట్టలేక తెప్పవాళ్ళని కేకేశాడు.

“అన్నా, ఇది ఏ ఊరు?”

వాళ్ళు యారాడవాళ్ళు. చేతులు తిప్పుతూ, బోటులో ఉన్నవాళ్ళందరినీ తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టారు. వరహాలుకి ఆ ముసలమ్మ గుర్తొచ్చింది. చెయ్యి తిప్పడం అచ్చం అదే. ఈసారి మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది.

అన్నమే పెట్టలేదు. ఇంజను వేగం పెంచాడు.